తాళంచెవుల గుత్తి ఎవరి చేతిలో? - యునిక్స్ కంప్యూటర్లలో గ్రూపులు, అనుమతులు



ఈ రోజు నేను చెప్పబోయేది కంప్యూటరు సంగతే అయినా, మొదలుపెట్టేది మాత్రం మా బడిలో జరిగిన ఒక తప్పుతో. ఆ తప్పు నాది.

మా బడి హోసూరు దగ్గర ఒక పల్లెలో ఉంది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఆఫీసు కాగితాలు తమిళంలో నడుస్తాయి, సంతకు పోతే కన్నడం వినిపిస్తుంది. నేను చెప్పేది లెక్కలు. స్టాఫ్ రూములో ఉన్న ఒకే ఒక కంప్యూటరు బాధ్యత నా మీద పడిందంటే దానికి పెద్ద కారణమేమీ లేదు. ఆ నిర్ణయం జరిగిన రోజున మీటింగుకు ఆలస్యంగా వచ్చింది నేనే.

మా దగ్గర చదివి, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి దానిలో ఉబుంటు అనే లినక్స్ వేసి ఇచ్చాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పాడు: “టీచర్, ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు పెట్టుకోండి. అందరూ ఒకే పేరుతో లోపలికి పోవద్దండి.” మేము వినలేదు. పదిమందికీ కలిపి ‘స్కూల్’ అని ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. మరిచిపోతామేమోనని దాన్ని చీటీ మీద రాసి మానిటరు అంచుకు అంటించాం కూడా.

నిరుడు కాదు, అంతకు ముందటి ఏడు డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలయ్యాయి. పదో తరగతి మార్కులన్నీ ఒక ఫైలులో ఎక్కించాం. ఎవరూ చెరపకుండా దాన్ని ‘చదవడానికి మాత్రమే’ అని కూడా పెట్టాం. సోమవారం పొద్దున చూస్తే ఆ ఫైలు లేదు. శుక్రవారం సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు బడి పత్రికకు కథ టైపు చేయడానికి ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇంకేం కావాలి? అందరి చూపూ వాడి మీదికే పోయింది. నేను క్లాసు మధ్యలో నిలబెట్టి అడిగాను. వాడు “నేను తాకనే లేదు టీచర్” అన్నాడు. నేను నమ్మలేదు. రెండు సాయంకాలాలు కూర్చుని కాగితాలు చూసి మార్కులన్నీ మళ్ళీ ఎక్కించుకున్నాం.

సంక్రాంతి సెలవుల్లో మా పూర్వ విద్యార్థి ఊరికి వచ్చినప్పుడు సంగతి చెప్పాను. అతను కంప్యూటరు తెరిచి చెత్తబుట్ట చూశాడు. ఫైలు అక్కడే ఉంది. చెత్తబుట్టలోకి పోయిన ప్రతి ఫైలుకూ, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ తేదీన ఎన్ని గంటలకు వచ్చింది అని చిన్న చీటీ ఒకటి లినక్స్ రాసి పెడుతుంది. శనివారం మధ్యాహ్నం అని ఉంది. ఆ శనివారం ఆ పిల్లవాడు ఆటల పోటీలకు కృష్ణగిరి పోయి ఉన్నాడు. పంపే జాబితా మీద సంతకం పెట్టింది నేనే.

మరి తీసేసింది ఎవరు? అది మాకు ఈనాటికీ తెలియదు. కంప్యూటరును అడిగితే అది చెప్పగలిగింది ఒకటే పేరు: ‘స్కూల్’. దాని తప్పేమీ లేదు. పదిమందీ ఒకే పేరుతో పోతే అది మాత్రం ఎలా గుర్తుపడుతుంది? నేను ఆ పిల్లవాడికి క్లాసు ముందరే క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తరువాత ఈ అనుమతుల విషయం కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నంతలో మీతో పంచుకుంటాను.

లినక్స్‌కు మూలం యునిక్స్. 1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, వారి తోటివారు దాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో కంప్యూటరంటే గదినిండా ఉండే ఖరీదైన వస్తువు. మనిషికొకటి ఇచ్చే మాటే లేదు. ఒకే యంత్రానికి పలువురు టెర్మినల్ పెట్టెలు తగిలించుకుని, ఒకే సమయంలో తమ తమ పనులు చేసుకునేవారు. 1971 ప్రాంతంలో బెల్ లేబొరేటరీలోనే పేటెంట్ల విభాగం వారు దరఖాస్తులు టైపు చేసుకోవడానికి యునిక్స్ వాడారు. అంటే టైపిస్టులూ, ప్రోగ్రాములు రాసేవాళ్ళూ ఒకే యంత్రం మీద. ఒకరి కాగితం ఇంకొకరు చెరపకుండా చూసే ఏర్పాటు అప్పుడే పుట్టింది. తరువాత ఎప్పుడో భద్రత కోసమని అతికించింది కాదది, ఒకే కప్పు కింద కాపురం చేయడానికి మొదట్నించీ ఉన్న కట్టుబాటు.

ఇది మనకెందుకు అనుకోకండి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని అడుగున ఉన్నది లినక్సే. ఆ ఫోనులో ప్రతి యాప్‌నూ ఒక వేరు మనిషిగా లెక్కగట్టి, పదివేల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క నంబరు ఇస్తారు. మీరు ఆడుకునే ఆట, మీ బ్యాంకు యాప్ ఒకే ఫోనులో పక్కపక్కనే ఉన్నా, ఆటకు బ్యాంకు ఫైళ్ళు కనబడవు. ఇరుగు పొరుగు ఇళ్ళే, మధ్యలో గోడ ఉంది.

నంబరు అన్నాను కదా, అసలు సంగతి అదే. మనం పేర్లు పెట్టుకుంటాం, కంప్యూటరు లోపల చూసేది నంబర్లే. ఉబుంటులో మామూలు మనుషుల నంబర్లు 1000 నుంచి మొదలవుతాయి. సున్నా నంబరు ఒక్కరిది. ఆ ఒక్కరి పేరు రూట్, అంటే వేరు. అతని దగ్గరికి తరువాత వద్దాం.

ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు, ఒక గ్రూపు ఉంటుంది. వీళ్ళిద్దరూ కాక మిగిలినవాళ్ళందరూ ‘ఇతరులు’. ఈ మూడు వర్గాలకూ మూడేసి హక్కులు ఉంటాయి: చదవడం, రాయడం, నడపడం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని అంకెలు పెట్టారు. లెక్కల టీచరుకు ఇంతకంటే ముచ్చటైన ఏర్పాటు ఇంకేముంటుంది! 4, 2, 1 వీటిని ఎలా కలిపినా ఒక్కొక్క కలయికకు ఒక్కొక్క మొత్తమే వస్తుంది, ఒకదానితో ఒకటి కలిసిపోదు. 6 అంటే చదవడం, రాయడం. 5 అంటే చదవడం, నడపడం. 7 అంటే మూడూ. ఇలా మూడు అంకెలు వరుసగా రాస్తే యజమానికి, గ్రూపుకు, ఇతరులకు అని అర్థం. 640 అని పెట్టారనుకోండి, యజమాని చదవవచ్చు, రాయవచ్చు. గ్రూపు వాళ్ళు చదవవచ్చు, అంతే. ఇతరులకు ఏమీ లేదు. ఈ అంకెలు మార్చే ఆజ్ఞ పేరు సీహెచ్‌మాడ్. ఫైలు గ్రూపును మార్చే ఆజ్ఞ సీహెచ్‌గ్రూప్.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. కంప్యూటరు ఈ మూడు వర్గాలనూ కలిపి చూడదు. ముందు నువ్వు యజమానివా అని చూస్తుంది. అవునంటే యజమాని అంకె ఒక్కటే లెక్క, గ్రూపు దగ్గరికి పోనే పోదు. కాబట్టి యజమానికి సున్నా పెట్టి, గ్రూపుకు 4 పెడితే, గ్రూపులోని వాళ్ళందరూ చదువుతారు, యజమాని మాత్రం చదవలేడు. యజమాని కాబట్టి అంకె మళ్ళీ మార్చుకోగలడనుకోండి, అది వేరే మాట.

ఇప్పుడు మా మార్కుల ఫైలు దగ్గరికి వద్దాం. ‘చదవడానికి మాత్రమే’ అని పెట్టిన ఫైలు ఎలా పోయింది? నన్ను చాలా రోజులు తికమక పెట్టిన ప్రశ్న ఇది. జవాబు ఫోల్డరులో ఉంది. ఫోల్డరు అంటే పెట్టె అనుకుంటాం. యునిక్స్‌లో అది పెట్టె కాదు, హాజరు పట్టీ వంటిది. దానిలో పేర్లు ఉంటాయి, ఒక్కొక్క పేరు పక్కన ఆ ఫైలు ఎక్కడుందో గుర్తు ఉంటుంది. ఫైలును తీసివేయడమంటే ఆ పట్టీలో పేరు కొట్టివేయడమే. పట్టీలో పేరు కొట్టివేయడానికి పిల్లవాడి అనుమతి కావాలా? అక్కరలేదు. పట్టీ మీద రాసే హక్కు ఉంటే చాలు. అలాగే, ఫైలు మీద ఎన్ని తాళాలు వేసినా, అది ఉన్న ఫోల్డరు మీద రాసే హక్కు ఉన్నవాడు దాన్ని తీసివేయగలడు. మేము తాళం వేసింది పిల్లవాడికి, పట్టీని బల్ల మీద వదిలేశాం.

ఫోల్డరుకు ఆ మూడు హక్కులకూ అర్థాలు కొంచెం మారతాయి. చదవడమంటే లోపలి పేర్ల జాబితా చూడడం. రాయడమంటే పేర్లు చేర్చడం, కొట్టివేయడం. నడపడమంటే ఆ ఫోల్డరు గుండా లోపలికి పోవడం. నడిపే హక్కు లేకపోతే లోపలి ఫైలు మీద మీకెంత హక్కున్నా ప్రయోజనం లేదు. గుమ్మమే దాటలేనివారికి గదిలోని కుర్చీ ఎవరిదైతేనేం?

ఇక గ్రూపులు. కన్నడంలోనూ మనలాగే గుంపు అంటారు. గుంపు అనగానే మనకు సందడి గుర్తుకొస్తుంది కానీ ఇక్కడ అర్థం వేరు. ఒకే పని మీద ఉన్నవాళ్ళ జాబితా అది. 1975 నాటి ఆరవ ఎడిషన్ యునిక్స్‌లో గ్రూపులు ఉన్నాయి. కానీ అప్పట్లో ఒక మనిషి ఒక సమయంలో ఒక్క గ్రూపులోనే ఉండగలిగేవాడు. ఇంకో గ్రూపు పని చేయాలంటే ఆజ్ఞ ఇచ్చి అటు మారాలి. 1983లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యునిక్స్‌తో ఆ ఇబ్బంది తీరింది. ఒకే మనిషి ఒకేసారి అనేక గ్రూపుల్లో ఉండవచ్చు. మా బడిలో సైన్సు టీచరే ఎన్‌సీసీ చూస్తారు, ఆయనే లైబ్రరీ చూస్తారు. మనిషి ఒకరే, పనులు మూడు. యంత్రం కూడా ఆ సంగతి ఒప్పుకుందన్నమాట.

మేము మూడు గ్రూపులు పెట్టుకున్నాం. మార్కులు, ఆఫీసు, పత్రిక. ప్రతి టీచరుకూ సొంత పేరు, సొంత పాస్‌వర్డు. మానిటరు మీది చీటీ చించేశాం. ‘మార్కులు’ ఫోల్డరుకు 3770 అని పెట్టాను. నాలుగు అంకెలేమిటి అంటారేమో. వెనుక ఉన్న మూడూ మనకు తెలిసినవే. ముందున్న 3లో రెండు సంగతులు దాగి ఉన్నాయి. దానిలోని 2 వల్ల ఆ ఫోల్డరులో ఎవరు కొత్త ఫైలు పెట్టినా దానికి ‘మార్కులు’ అనే గ్రూపే వస్తుంది, పెట్టినవారి సొంత గ్రూపు రాదు. ఇది లేకపోతే ఒకరు పెట్టింది ఇంకొకరికి తెరుచుకోక, రోజూ పంచాయితీ. దానిలోని 1 వల్ల ఒకరి ఫైలును ఇంకొకరు తీసివేయలేరు. ఫైలు యజమాని, ఫోల్డరు యజమాని, లేదా రూట్, ఈ ముగ్గురిలో ఒకరు కావాలి. దీన్ని స్టికీ బిట్ అంటారు, అంటుకుపోయేది అని. ఆ డిసెంబరులో ఒక్కొక్కరికి సొంత పేరూ, ఈ చిన్న ఒకటీ ఉండి ఉంటే ఆ పిల్లవాడు క్లాసు మధ్యలో నిలబడవలసిన పని ఉండేది కాదు. తరువాత ఎవరి సబ్జెక్టు ఫైలు వారే పెట్టుకుని దానికి 640 ఇచ్చుకున్నారు. నా లెక్కల మార్కులు నేను దిద్దగలను, మిగతావారు చూడగలరు, అంతే.

ఒక హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను. ఫైలు తెరుచుకోలేదని ఎవరినైనా అడిగితే ‘777 కొట్టెయ్’ అని సలహా ఇస్తారు. అంటే అందరికీ అన్నీ. తలనొప్పికి తల తీసేసే వైద్యమది. పని జరుగుతుంది, నిజమే. మా మానిటరు మీది చీటీతో కూడా పని జరిగింది.

ఇంకో తికమక: ఒకరిని గ్రూపులో చేర్చిన వెంటనే వాళ్ళు ప్రయత్నిస్తారు, అనుమతి లేదని వస్తుంది. చేర్చినవాడు తప్పు చేశాడనుకుంటారు. నిజానికి గ్రూపుల జాబితా లోపలికి వచ్చేటప్పుడే ఒంటికి అంటుకుంటుంది. కొత్త గ్రూపు అందాలంటే ఒకసారి బయటికి పోయి, మళ్ళీ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి లోపలికి రావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో నా కథలో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు రూట్. సున్నా నంబరు మనిషి. ఇప్పటి దాకా చెప్పిన అంకెలేవీ ఇతన్ని చదవకుండా, రాయకుండా ఆపలేవు. ఏ ఫైలైనా తెరుస్తాడు, ఎవరి పేరైనా తీసేస్తాడు. ఒక్క తప్పు ఆజ్ఞతో మొత్తం వ్యవస్థ తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని అతని పేరుతో రోజువారీ పనులు చేయకూడదు.

మా వైపు చెరువుల కింద నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు అన్నది అతని పని. దానికి పంట నుంచి గింజలు కొలిచేవారు. చెరువు కింద ఎక్కువ పొలం ఉన్న ఆసామి కూడా తన చేత్తో తూము తెరవకూడదు. నీరుగంటి పెద్ద మనిషని కాదు, ఆ పని అతనిదని. అడ్మిన్ అనే మాట వినగానే మనవాళ్ళకు హోదా గుర్తుకొస్తుంది. అది హోదా కాదు, తూము దగ్గర కాపలా.

మరి తూము అప్పుడప్పుడూ తెరవాలి కదా. పాత పద్ధతి ఏమిటంటే, రూట్ పాస్‌వర్డును నలుగురికి చెప్పడం. చెప్పిన తరువాత ఎవరు ఏం చేశారో తెలియదు, మళ్ళీ మా ‘స్కూల్’ కథే. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో శాఖలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు దీనికి ఒక ఉపాయం రాశారు. దాని పేరు సుడో. 1994 నుంచి టాడ్ మిల్లర్ దాన్ని చూసుకుంటున్నారు. సుడో అని ముందు పెట్టి ఆజ్ఞ ఇస్తే, ఆ ఒక్క ఆజ్ఞ వరకు రూట్ బలం వస్తుంది. అడిగే పాస్‌వర్డు రూట్‌ది కాదు, మీ సొంతది. అడిగింది ఎవరు, ఎప్పుడు, ఏ ఆజ్ఞ అన్నది చిట్టాలో పడుతుంది. జాబితాలో పేరు లేనివాడు అడిగితే కాదంటుంది, ఆ అడిగిన సంగతీ రాసిపెట్టుకుంటుంది.

2004లో వచ్చిన మొదటి ఉబుంటు నుంచీ రూట్ తలుపుకు తాళమే. రూట్ పేరుతో లోపలికి రావడానికి పాస్‌వర్డే ఉండదు. మొదట కంప్యూటరు సిద్ధం చేసినవారికి సుడో హక్కు వస్తుంది. ఆ హక్కు వచ్చేది ఎలాగో తెలుసా? ఒక గ్రూపు ద్వారానే. ‘సుడో’ అనే పేరుతోనే ఒక గ్రూపు ఉంది. దానిలో పేరుంటే తాళంచెవి మీ దగ్గర ఉన్నట్టే. ఇంకొన్ని లినక్స్‌లలో ఆ గ్రూపు పేరు ‘వీల్’, చక్రం. ఇంగ్లీషు వాడుకలో పెద్ద చక్రం అంటే పలుకుబడి గల పెద్దమనిషి. అక్కడి నుంచి వచ్చిందది. చూశారా, వాళ్ళకూ అదే జబ్బు.

నేను ఈ ఏర్పాటంతా చేస్తున్నప్పుడు మా హెడ్మాస్టరు గారు పిలిచారు. “ఏం టీచర్, అందరి మార్కులూ అందులో పెట్టి, తాళం నా దగ్గర లేకుంటే ఎట్ల?” అన్నారు. అడగడంలో న్యాయం ఉంది. బడికి జవాబుదారీ ఆయన. నేను చెప్పాను: “సార్, మిమ్మల్ని మార్కుల గ్రూపులో చేరుస్తాను. అన్ని సబ్జెక్టులూ చూడవచ్చు. దిద్దాలంటే ఆ టీచరునే పిలిపించి దిద్దించండి, అప్పుడు దిద్దినవారి పేరే పడుతుంది. మీ మీదికి మాట రాదు.” ఆయన కాసేపు ఆలోచించారు. మీ మీదికి మాట రాదన్న దగ్గర ఒప్పుకున్నారని నా అనుమానం. ఆఫీసు గుమాస్తాకు ప్రింటరు తరచు మొరాయిస్తుంది. ఆయనకు సుడో ఇవ్వలేదు. ప్రింటర్లు చూసుకోవడానికే ‘ఎల్పీ అడ్మిన్’ అని ఒక గ్రూపు ఉంది, దానిలో చేర్చాను. ప్రింటరు వరకు ఆయన రాజు. మిగతా టీచర్లెవరికీ సుడో లేదు. నాకొక్కదానికే ఉంది. ఎంత భద్రమో అని మురిసిపోయాను.

ఆ మురిపెం మూడు వారాలు నిలిచింది.

పిల్లల పత్రిక పని నాకు కూడా అప్పగించారు. ‘పత్రిక’ గ్రూపులో నన్ను నేను చేర్చుకోవాలి. యూజర్‌మాడ్ అనే ఆజ్ఞకు, ‘పెద్ద జీ’ అక్షరం పెట్టి, పత్రిక అని, నా పేరు కొట్టాను. కంప్యూటరు ఏమీ అనలేదు. యునిక్స్ స్వభావమే అంత, పని అయితే నోరు మెదపదు. ఆ సాయంత్రం సుడో కూడా మామూలుగానే పనిచేసింది. మర్నాడు పొద్దున లోపలికి వచ్చి ఒక చిన్న పని కోసం సుడో అంటే, నీ పేరు జాబితాలో లేదంది. నేను పెట్టిన తాళానికి నేనే బయట!

జరిగిందేమిటంటే, ‘పెద్ద జీ’ అంటే ‘ఈ మనిషి అదనపు గ్రూపులు ఇవే’ అని అర్థం. ఇవి కూడా అని కాదు, ఇవే అని. నేను పత్రిక ఒక్కటే రాశాను కాబట్టి మార్కులు, ఆఫీసు, సుడో, అన్నిటి నుంచీ నా పేరు కొట్టేసి పత్రిక ఒక్కటి మిగిల్చింది. ఉన్నవాటికి తోడుగా చేర్చమనాలంటే, జీ ముందు ‘చిన్న ఏ’ అక్షరం పెట్టాలి. ఆ ఒక్క అక్షరం నేను మరిచాను. ఆ సాయంత్రం పనిచేయడానికి కారణం ఇందాక చెప్పాను కదా, లోపలికి వచ్చేటప్పటి జాబితానే ఒంటికి అంటుకుని ఉంటుంది. బయటికి పోయి రాగానే కొత్త జాబితా వచ్చింది. ఈ పొరపాటు చేసినవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారట. ఉబుంటులో యాడ్‌యూజర్ అని ఇంకో ఆజ్ఞ ఉంది. దానికి మనిషి పేరు, గ్రూపు పేరు ఇస్తే చేర్చడమే తప్ప తీసేయడం ఉండదు. ఇప్పుడు నేను దాన్నే వాడుతున్నాను.

బెంగళూరుకు ఫోను చేశాను. అతను నవ్వలేదు, అందుకు ఆ అబ్బాయికి నా ఆశీస్సులు. ఫోనులోనే చెప్పుకొచ్చాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తూ షిఫ్ట్ మీట నొక్కి పట్టుకున్నాను. కొన్ని మిషన్లలో ఎస్కేప్ మీట నొక్కాలట. ఒక పట్టిక వచ్చింది. దానిలో అధునాతన ఎంపికలు, తరువాత రికవరీ మోడ్, తరువాత రూట్ అని ఎంచుకుంటే, నల్లటి తెర మీద సున్నా నంబరు మనిషిగా నిలబడ్డాను. ఆ స్థితిలో డిస్కు చదవడానికి మాత్రమే ఉండవచ్చు కాబట్టి, రాయడానికి వీలుగా మౌంట్ ఆజ్ఞతో మళ్ళీ తగిలించి, ఈసారి ‘చిన్న ఏ’ మరిచిపోకుండా నా పేరు సుడోలో చేర్చాను. అంతా కలిపి పావుగంట.

పని అయిందన్న సంతోషం ఫోను పెట్టేదాకానే. పెట్టాక ఒక ఆలోచన వచ్చింది. పాస్‌వర్డు అడగకుండానే నేను రూట్ అయ్యాను కదా. అంటే ఆ గదిలోకి రాగలిగినవాడు, పావుగంట తీరిక ఉన్నవాడు ఎవరైనా కావచ్చు. ఇన్ని అంకెలు, ఇన్ని గ్రూపులు పెట్టినా, చివరికి స్టాఫ్ రూము తలుపుకున్న ఇనుప తాళం కూడా ఈ ఏర్పాటులో భాగమే. అటెండరు గారికి ఆ సంగతి వివరించి చెప్పాను. డిస్కు మొత్తాన్ని గూఢలిపిలోకి మార్చే పద్ధతి ఒకటుంది, దానితో ఆ దారి మూసుకుపోతుంది. మా పాత మిషనుకు అది ఇంకా చేయలేదు.

ఆ రోజే రెండో తలుపు కూడా పెట్టాను. సుడో హక్కుతో ఇంకొక పేరు సృష్టించి, దాని పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి, హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంచాం. నాకు జ్వరమొచ్చినా, బదిలీ అయినా, మళ్ళీ అక్షరం మరిచినా, ఆ కవరు ఉంది. దాన్ని విప్పితే సీలు విరుగుతుంది, విప్పినట్టు తెలుస్తుంది. సార్ అడిగిన తాళం సార్ దగ్గరికి ఈ రూపంలో చేరింది.

సుడో ఒక్కటే కాదు, పైకి మామూలుగా కనిపించే కొన్ని గ్రూపుల వెనుక కూడా రూట్ బలం ఉంది. ‘డిస్క్’ అనే గ్రూపులో ఉన్నవాడు ఫైళ్ళ అనుమతులన్నీ పక్కకు నెట్టి నేరుగా డిస్కు మీది అక్షరాలు చదవగలడు, రాయగలడు. ‘డాకర్’ అనే గ్రూపు కూడా అటువంటిదే. పేరు చూసి చేర్చకూడదు, దానితో ఏమేం చేయవచ్చో కనుక్కుని చేర్చాలి. తాళం చేసినవాడి పనిలో లోపముంటే ఏం చేస్తాం అంటారా? అదీ జరిగింది. 2021 జనవరిలో సుడోలోనే ఒక తప్పు బయటపడింది. 2011 నుంచీ అందులో దాగి ఉన్న తప్పు. జాబితాలో పేరు లేని మామూలు యూజరు కూడా దానితో రూట్ కాగలిగేవాడు. బయటపెట్టిన రోజునే దిద్దిన సుడో కూడా విడుదలైంది. అప్పుడప్పుడూ కంప్యూటరు ‘కొత్త దిద్దుబాట్లు వచ్చాయి, వేసుకుంటారా’ అని అడిగితే విసుక్కోకుండా వేసుకోమనేది ఇందుకే.

ప్రతి ఏడూ జూన్‌లో బడి తెరిచినప్పుడు నేను ఒక పూట ఈ జాబితాల ముందు కూర్చుంటాను. బదిలీ అయిన టీచర్ల పేర్లకు తాళం వేస్తాను, వెంటనే తీసేయను. ఎందుకంటే కంప్యూటరు చూసేది నంబర్లని చెప్పాను కదా. ఒక పేరు తీసేస్తే ఆ నంబరు ఖాళీ అవుతుంది కానీ, ఆ నంబరుతో ఉన్న ఫైళ్ళు అనాథలుగా అక్కడే ఉంటాయి. రేపు కొత్తగా వచ్చిన టీచరుకు ఆ నంబరే దక్కిందనుకోండి, పాతవారి ఫైళ్ళన్నీ అడగకుండానే ఆయన సొత్తు అయిపోతాయి. కాబట్టి ముందు ఫైళ్ళు ఎవరికి చెందాలో వారి పేరుకు మార్చి, ఆ తరువాతే పేరు తీయాలి. మీ దగ్గర లినక్స్ కంప్యూటరు ఉంటే టెర్మినల్ తెరిచి ‘ఐడీ’ అని రెండు అక్షరాలు కొట్టి చూడండి. మీ నంబరు, మీరున్న గ్రూపులు అన్నీ ఒక వరుసలో కనిపిస్తాయి. మీకు అవసరం లేనిది ఏదైనా అందులో ఉందేమో చూసుకోవచ్చు.

ఈ జూన్‌లో నేను తాళం వేసిన పేర్లలో ఆ పిల్లవాడిది కూడా ఉంది. పదో తరగతి పాసై హోసూరులో చేరాడు. సొంత పేరుతో పోయిన ఏడంతా పత్రిక పని చేశాడు. వాడు టైపు చేసిన కథలు, బొమ్మలు కలిపి 41 ఫైళ్ళు ఉన్నాయి. ఎవరి పేరుకు మార్చాలో వాడినే అడిగాను. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి పేరు చెప్పాడు. ఆమె పేరుకు మార్చాను.